ఒంటిని శాంతపరచాలా, ఒంటికి భయపడటం మానాలా? ఆందోళనకు ఏ మైండ్–బాడీ థెరపీ ఎవరికి

రెండు గదుల సంగతి చెబుతాను. మొదటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని, కాలివేళ్ల నుంచి నుదుటి దాకా ఒక్కో కండరాన్నీ వదులు చేసుకుంటూ రమ్మన్నారు. నడుము దాకా బాగానే వచ్చాను. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి నా గుండె చప్పుడు నాకే చెవుల్లో మోగడం మొదలైంది. చుట్టూ అందరూ నిద్రలోకి జారుకుంటుంటే నేనొక్కడినే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాను. ఏడాదిన్నర తర్వాత రెండో గది. అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి సన్నటి స్ట్రా ఇచ్చి, ముక్కు మూసుకుని ఒక నిమిషం పాటు దానిలోంచే ఊపిరి పీల్చమన్నారు. ఊపిరాడకపోవడం అంటేనే హడలిపోయే మనిషికి ఊపిరాడకుండా చేయడమన్నమాట! నాకు తేడా కనిపించింది మాత్రం ఆ రెండో గదిలోనే.

అయితే ఆ మొదటి గదిలోనే, నా పక్క చాప మీద పడుకున్నావిడ ఎన్నో నెలల తర్వాత కంటినిండా నిద్రపోయానని మరుసటి వారం చెప్పారు. గదీ అదే, గురువూ ఆయనే. ఆమె ఆందోళన తీరు వేరు, నాది వేరు.

రెండింటినీ మైండ్–బాడీ థెరపీ అనే పిలుస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ ఒక్క పేరు కింద పూర్తిగా ఎదురు దిక్కులకు వెళ్లే చికిత్సలు ఉన్నాయి. కొన్ని ఒంటిని శాంతపరచడం నేర్పుతాయి. కొన్ని ఒళ్లు శాంతించకపోయినా భయపడకుండా ఉండటం నేర్పుతాయి. ఇంకొన్ని, ఎప్పటిదో గాయం ఒంట్లో మిగిల్చిన బిగువును తవ్వి తీయడానికి చూస్తాయి. పేర్లు, ధ్రువపత్రాలు, ఎవరికి ఏది నచ్చిందన్న కబుర్లు చూసి ఎంచుకునేకంటే, ఈ మూడు దిక్కుల్లో మనకు కావలసింది ఏదో ముందు తేల్చుకుంటే పని సులువవుతుంది.

అంతకంటే ముందు ఒక మాట. గుండె దడ, వణుకు, చెమటలు, ఆయాసం ఆందోళన వల్లే రావాలని లేదు. థైరాయిడ్ అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పినా, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వల్లా, కెఫీన్ ఎక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు అది పానిక్ అటాకేనని (ఉన్నట్టుండి ముంచెత్తే భయమేనని) సొంతంగా తీర్మానించుకోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఆ గడప దాటాకే కింద చెప్పేవన్నీ. మరో సంగతి, పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక కూడా ప్రతి రెండు నెలలకూ మళ్లీ ఈసీజీ తీయించుకోవాలనిపిస్తే, అది కూడా జబ్బులో భాగమే. నేను ఆ దారిలో నాలుగు ఈసీజీలు పోగేశాను.

ఒళ్లు ముందా, ఆలోచన ముందా

పులి కనిపిస్తే భయపడి పరుగెత్తుతామని అందరం అనుకుంటాం. పరుగెత్తుతున్న ఒంటిని గమనించడమే భయమని 1884లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ తిరగేసి చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టుగా నిలవలేదు. కానీ ఒంటి నుంచి మెదడుకు నడిచే దారి ఒకటుందన్నది మాత్రం నిలిచింది. మెదడు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా దిగే వేగస్ నాడిలో ఎక్కువ పోగులు కింది నుంచి పైకే కబురు మోస్తాయి. అంటే మెదడు ఒంటికి ఆజ్ఞలు ఇచ్చే దానికంటే, ఒళ్లు మెదడుకు నివేదికలు పంపేదే ఎక్కువ.

రెండో దారి మనకు తెలిసిందే. మెదడులోని అమిగ్డలా ప్రమాదం ఉందని తలిస్తే చాలు, అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. 1915లో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ దీన్ని పోరాడటానికో పారిపోవడానికో ఒంటి సన్నాహమని వర్ణించాడు.

ఈ రెండు దారులూ కలిసి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టినప్పుడే తంటా. మెట్లెక్కినప్పుడు గుండె కొట్టుకుంటుంది. అది మామూలే. ఆ చప్పుడును 'ఏదో అయిపోతోంది' అని చదువుకున్నారనుకోండి, ఆ తలపుతో మరికాస్త అడ్రినలిన్ వస్తుంది. దాంతో గుండె ఇంకా కొట్టుకుంటుంది. 'చూశావా, నిజమే' అనిపిస్తుంది. తాడును చూసి పామనుకోవడమే ఇదంతా, కాకపోతే ఇక్కడ తాడు మన ఒంట్లోనే ఉంటుంది. పానిక్‌కు మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఇచ్చిన నమూనా సారాంశం ఇదే.

మీ విషయంలో ఈ చక్రం ఎక్కడ మొదలవుతోందో తెలుసుకోవడానికి రెండు వారాల పాటు ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఆందోళన వచ్చిన ప్రతిసారీ మూడే ముక్కలు రాయండి. ముందుగా వచ్చింది ఏమిటి (ఒంట్లో మార్పా, ఆలోచనా, జ్ఞాపకమా), రెండోది ఏమిటి, అప్పుడు మీరేం చేశారు. మూడో గడి అన్నిటికంటే ముఖ్యం. కూర్చున్నారా, నీళ్లు తాగారా, నాడి పట్టుకుని చూసుకున్నారా, ఎవరికైనా ఫోను చేశారా, బయటికి వెళ్లిపోయారా. థెరపిస్టును కలవడానికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకం తీసుకెళితే మొదటి రెండు సెషన్లు కలిసొస్తాయి.

రోజంతా బిగుసుకుని ఉండేవారికి: కండరాల సడలింపు

దవడ నొప్పి, మెడ పట్టేయడం, నిద్ర పట్టకపోవడం, ఒకదాని వెనక ఒకటిగా చింతలు, ఫలానా దానికని చెప్పలేని కంగారు. మీ పుస్తకంలో ఇవే ఎక్కువగా ఉంటే ముందు చూడాల్సింది కండరాల సడలింపు పద్ధతిని. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ దీన్ని రూపొందించి 1929లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన పద్ధతికి నెలల తరబడి సాధన కావాలి. తర్వాత 1950ల్లో జోసెఫ్ వోల్పే దాన్ని బాగా కుదించి భయాల చికిత్సలో వాడాడు.

చేసే తీరు చాలా సరళం. కుడి పిడికిలి బిగించండి, మెల్లగా ఐదారు అంకెలు లెక్కపెట్టండి. గోళ్లు అరచేతిలో గుచ్చుకోవడం, ముంజేయి లోపలి వైపు లాగడం, బొటనవేలి కింద చిన్నగా వణుకు గమనించండి. ఇప్పుడు ఒక్కసారిగా వదిలేయండి. ఇరవై దాకా లెక్కపెట్టండి. వదిలాక వేళ్లలోకి పాకే వెచ్చదనం, బరువు, అసలు పాఠం అదే. బిగువుకూ సడలింపుకూ తేడా ఒంటికి తెలియడం. ఏళ్ల తరబడి బిగించుకుని బతికేవారికి ఆ తేడా నిజంగానే మరుపున పడి ఉంటుంది. భుజాలు దించండి అంటే, 'దించే ఉన్నాయి కదా' అంటారు, చెవుల దాకా ఎత్తుకుని.

అయితే సడలింపు నేర్చుకోవడం ఒక ఎత్తు, కంగారు వచ్చిన క్షణంలో దాన్ని వాడటం మరో ఎత్తు. చాప మీద ఇరవై నిమిషాలు పడుకునే వీలు ఇంటర్వ్యూ గది బయట ఉండదు. ఈ ఖాళీని స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఊస్ట్ 1987లో వివరించిన 'అప్లయిడ్ రిలాక్సేషన్' పూరిస్తుంది. మొదట బిగించి వదలడం, తర్వాత బిగించకుండానే వదలడం, తర్వాత శ్వాసతో పాటు ఒక మాటకు సడలింపును ముడివేయడం, ఆపైన నడుస్తూ, పని చేస్తూ, అక్కరలేని కండరాలను మాత్రం వదులుగా ఉంచడం. చివరికి ఇరవై ముప్పై సెకన్లలో ఒళ్లు వదులయ్యే స్థితికి వస్తారు. ఆందోళన తొలి జాడ కనిపించగానే దాన్ని వాడతారు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2011లో, ఎడతెగని ఆందోళన రుగ్మతకు సీబీటీతో (ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే మాటల చికిత్సతో) సమానంగా అప్లయిడ్ రిలాక్సేషన్‌ను సూచించింది, వారానికొకటి చొప్పున 12 నుంచి 15 సెషన్లు. ఇంత గట్టి మద్దతు ఉన్న పద్ధతి ఇంత తక్కువ మందికి తెలియడం నాకు వింతగానే ఉంటుంది. బహుశా పేరులో మెరుపు లేకపోవడమే కారణం కావచ్చు.

ఇక్కడొక మినహాయింపు ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. రక్తం, సూది, గాయం చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారికి సడలింపు నేర్పితే మేలు చేయబోయి కీడు చేసినట్టే. మిగతా భయాల్లో గుండె వేగం, రక్తపోటు పెరిగి అలాగే ఉంటాయి. ఈ ఒక్క భయంలో మాత్రం అవి మొదట పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే స్పృహ తప్పుతుంది. వీరికి కావలసింది ఒంటిని బిగించడం. చేతులు, కాళ్లు, మొండెం పది పదిహేను సెకన్లు, ముఖంలోకి వేడి వచ్చేదాకా బిగించి, మామూలు స్థితికి మాత్రమే వదిలి, అర నిమిషం ఆగి, మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. దీన్ని 'అప్లయిడ్ టెన్షన్' అంటారు. ఇదీ ఊస్ట్ బృందం చెప్పిందే. ఆందోళన అనగానే 'రిలాక్స్ అవ్వండి' అనే సలహా ఎంత గుడ్డిదో చెప్పడానికి ఈ ఉదాహరణ ఒక్కటి చాలు.

శ్వాస

'గట్టిగా ఊపిరి పీల్చుకో' అన్నది మనందరం విన్న సలహా. పానిక్‌లో ఉన్న మనిషికి ఇది చాలాసార్లు తప్పు సలహా. అప్పటికే అతిగా ఊపిరి తీస్తుంటాడు. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, ఊపిరి చాలట్లేదన్న భావన వస్తాయి. ఇంకా గట్టిగా పీలిస్తే అవి ఇంకా పెరుగుతాయి. కావలసింది లోతు కాదు, నిదానం. వదిలే ఊపిరి పీల్చేదానికంటే పొడుగ్గా ఉండటం. అలిసియా మ్యూరెట్ వంటి పరిశోధకులు ముక్కు దగ్గర చిన్న పరికరంతో కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తూ, దాన్ని పెంచుకునేలా శ్వాసను సరిదిద్దే చికిత్సను పానిక్ రోగుల మీద పరీక్షించారు కూడా.

నిమిషానికి సుమారు ఆరుసార్లు ఊపిరి తీసుకుంటే గుండె లయలోని హెచ్చుతగ్గులు (హెచ్‌ఆర్‌వీ) శ్వాసతో శ్రుతి కలుస్తాయి. పాల్ లేరర్ బృందం పద్ధతి పెట్టిన హెచ్‌ఆర్‌వీ బయోఫీడ్‌బ్యాక్‌కు ఆధారం ఇదే. వేలికో చెవికో తగిలించిన సెన్సర్ మీ గుండె లయను తెర మీద అలగా చూపిస్తుంది. మీ శ్వాసతో ఆ అల ఎలా మారుతుందో మీరే చూస్తారు. 2017లో 24 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో ఒత్తిడి, ఆందోళన బాగా తగ్గినట్టు తేలింది. కాకపోతే ఆ 24లో పాల్గొన్నది మొత్తం 484 మందే, అంటే ఒక్కో అధ్యయనానికి సగటున ఇరవై మంది. ఆశ కలుగుతుంది కానీ ప్రమాణం చేయలేం. అంకెలు, గ్రాఫులు చూస్తే నమ్మకం కుదిరే మనస్తత్వం ఉన్నవారికి ఇది నచ్చుతుంది. నాడి పట్టుకుని చూసుకోవడమే వ్యసనమైనవారికి తెర మీద తమ గుండెను చూపించడం మాత్రం కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టు.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు, ముక్కుతో రెండుసార్లు పీల్చి నోటితో పొడుగ్గా వదిలే శ్వాస చేసినవారిలో ఉత్సాహం బాగా పెరిగింది. ఆందోళన విషయానికొస్తే, ధ్యానం చేసినవారిలోనూ దాదాపు అంతే తగ్గింది. ఈ రెండో వాక్యాన్ని ప్రచారంలో తరచూ మింగేస్తారు.

ధ్యానం, యోగా

జాన్ కబాట్ జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమాన్ని ఎంబీఎస్ఆర్ అంటారు. దీని మీద 2022లో వచ్చిన ప్రయోగం చెప్పుకోదగ్గది. ఆందోళన రుగ్మతలున్న 276 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎంబీఎస్ఆర్, మరో జట్టుకు ఆందోళనకు వాడే ఎస్సిటాలోప్రామ్ మాత్రలు ఇచ్చారు. తీవ్రతను 1 నుంచి 7 దాకా కొలిచే స్కేలు మీద ధ్యానం జట్టులో 1.35, మాత్రల జట్టులో 1.43 తగ్గింది. ధ్యానం మాత్రకు తీసిపోలేదన్నమాట. ఏదో ఒక ఇబ్బంది కలిగినవారు మాత్రల జట్టులో 78.6 శాతం, ధ్యానం జట్టులో 15.4 శాతం.

ఇది చదివి మాత్రలు మానేసేవారు ఉంటారని భయపడే, వెంటనే రెండో ముక్క చెబుతున్నాను. ఆ ధ్యానం అంటే వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన, మధ్యలో ఒక పూర్తి రోజు. ఫోనులో పది నిమిషాల యాప్ దానికి సాటి రాదు. ఆ ముప్పావు గంట మీ రోజులో నిజంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

యోగా మీద 2020లో వచ్చిన పెద్ద ప్రయోగం ఇంకా ఆసక్తికరం. ఎడతెగని ఆందోళన ఉన్న 226 మందిలో కొందరికి కుండలినీ యోగా, కొందరికి సీబీటీ, కొందరికి ఒత్తిడి గురించిన పాఠాలు పన్నెండు వారాలు నడిపారు. చెప్పుకోదగ్గ మెరుగుదల యోగా జట్టులో 54 శాతం మందికి, సీబీటీ జట్టులో 71 శాతం మందికి, ఉత్త పాఠాలు విన్నవారిలో 33 శాతం మందికి కనిపించింది. ఆరు నెలల తర్వాత చూస్తే, పాఠాల జట్టు కంటే సీబీటీ ఇంకా పైనే ఉంది. యోగా పైచేయి మాత్రం గట్టిగా చెప్పలేనంతగా తగ్గింది. యోగా పనికిరాదని కాదు దీని అర్థం. మొదటి మెట్టుగా బాగుంటుంది, ఎదురుచూపుల జాబితాలో ఉన్నవారికీ, మాటల చికిత్స ఇష్టపడనివారికీ మరీ. తీవ్రంగా ఉన్నప్పుడు దాని మీదే భారం వేయవద్దనే నా అభిప్రాయం.

ఇక నా మొదటి గది కథ. ప్రశాంతంగా ఉండబోతే కంగారు పుట్టడం నా ఒక్కడి వింత రోగం కాదు. దీన్ని హైడ్, బోర్కోవెక్ అనే పరిశోధకులు 1983లోనే నమోదు చేశారు. కళ్లు మూసుకోగానే దృష్టంతా లోపలికి మళ్లుతుంది. లోపలి చప్పుళ్లే భయకారణమైనవారికి అది చీకటి గదిలో పామును వదిలి తలుపేసినట్టు ఉంటుంది. ఇలా అయితే కళ్లు తెరిచి చేయవచ్చు, నడుస్తూ చేయవచ్చు, సమయం తగ్గించవచ్చు. 'నాకు ధ్యానం కూడా చేతకాలేదు' అని కుమిలిపోవాల్సిన పని మాత్రం లేదు.

ఒంటికే భయపడేవారికి: స్ట్రా

పుస్తకంలో మొదటి గడిలో 'గుండె', 'ఊపిరి', 'తల తిరగడం' అని, మూడో గడిలో 'కూర్చున్నా', 'నాడి చూసుకున్నా', 'బయటికి వచ్చేశా' అని పదే పదే కనిపిస్తే, శాంతపరిచే పద్ధతుల దగ్గర ఆగకండి. నీళ్ల సీసా, శ్వాస లెక్క, ఫోను, ఇవన్నీ ఊతకర్రలుగా మారతాయి. వీటిని రక్షణ చేష్టలంటూ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో విశ్లేషించాడు. శ్వాస వ్యాయామం చేసినందువల్లే బతికి బయటపడ్డామని మనసు నమ్ముతుంది. చేయకపోయినా ఏమీ కాదని తెలిసే అవకాశమే రాదు.

అందుకే మనస్తత్వవేత్త డేవిడ్ బార్లో బృందం పానిక్ చికిత్సలో, లక్షణాలను కావాలని తెప్పించే అభ్యాసాలను చేర్చింది. తిరిగే కుర్చీలో ఒక నిమిషం తిరగడం, నిమిషం పాటు గబగబా ఊపిరి తీయడం, ఉన్నచోటే పరుగు, తలను అటూ ఇటూ ఊపడం, సన్నటి స్ట్రాతో శ్వాస. ప్రతిసారీ భయం ఎంతో 0 నుంచి 100 దాకా అంకె వేయాలి. నా మొదటి స్ట్రా 85. ఇరవై ఐదు సెకన్లకే వదిలేశాను. థెరపిస్టు ఏమీ అనలేదు, అంకె రాసుకుని మళ్లీ అందించింది. ఆరోసారికి నిమిషం దాటింది, అంకె 40. గమనించండి, ఊపిరి మొదటిసారి ఎంత కష్టంగా ఉందో ఆరోసారీ అంతే కష్టంగా ఉంది. పడిపోయింది భయమొక్కటే. అప్పటిదాకా రెండూ ఒకటేనని అనుకుంటూ వచ్చాను.

ఇది సుఖమైన చికిత్స కాదు, మొదటి రెండు వారాలు మానేయాలనిపిస్తుంది. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం ఉంటే డాక్టరు అనుమతి లేనిదే వద్దు. ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టకండి. కానీ పానిక్‌కు ఆధారాలు గట్టిగా ఉన్నది సీబీటీలో భాగంగా చేసే ఈ పనికే. ఇందులో ఒళ్లు వేదిక, మార్పు మాత్రం మనసు వేసే లెక్కలో.

పాత గాయం తొలుస్తుంటే

ఒక వాసన, ఒక గొంతు, ఒక తేదీ. దాంతో ఒళ్లు కొయ్యబారిపోవడమో, ఆ పాత రోజులోకి పడిపోవడమో జరుగుతుంటే దారి వేరు. ఇక్కడ ఆధారాల బలం ఉన్నది ఈఎండీఆర్‌కు. ఫ్రాన్సిన్ షాపిరో 1987లో మొదలుపెట్టి 1989లో ప్రచురించిన ఈ పద్ధతిలో ఎనిమిది దశలున్నాయి. చేదు జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని ఉండగా కళ్లను అటూ ఇటూ కదిలిస్తారు. గాయం తర్వాతి ఒత్తిడి రుగ్మతకు (పీటీఎస్‌డీకి) 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సీబీటీతో పాటు దీన్నీ సూచించింది. కళ్ల కదలిక నిజంగా అవసరమా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే పని చేస్తోందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. గాయం లేని ఉత్త చింతకు ఈఎండీఆర్ ఆధారాలు పలచన.

పీటర్ లెవిన్ 'సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్' జ్ఞాపకాన్ని నేరుగా తవ్వకుండా, ఒంటిలోని అనుభూతిని కొద్దికొద్దిగా తాకి వెనక్కి వచ్చే పద్ధతి. 2017లో 63 మందిపై జరిగిన ప్రయోగంలో, చికిత్స కోసం ఎదురుచూస్తున్నవారితో పోలిస్తే మేలు కనిపించింది. జరిగినదాన్ని నోటితో చెప్పలేనివారికి ఈ మెత్తటి దారి నప్పుతుంది. కానీ ఎదురుచూడటం కంటే మెరుగని తేలడం వేరు, మరో చికిత్స కంటే మెరుగని తేలడం వేరు. ఒంటి కదలికలతో పనిచేసే పాట్ ఆగ్డెన్ సెన్సరీమోటర్ పద్ధతి, చూపును ఒకచోట నిలిపి చేసే, 2003లో డేవిడ్ గ్రాండ్ తెచ్చిన బ్రెయిన్‌స్పాటింగ్ ఇంకా తొలి మెట్ల మీదే ఉన్నాయి. వీటిని నేర్పేవారు తరచూ తలిచే పాలీవేగల్ సిద్ధాంతం (భద్రంగా ఉన్నామన్న భావాన్ని వేగస్ నాడితో వివరించేది), స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించినది, శరీరధర్మ శాస్త్రజ్ఞుల్లో చాలా వివాదాస్పదం. సిద్ధాంతం వివాదంలో ఉన్నంత మాత్రాన ఎదురుగా కూర్చున్న థెరపిస్టు మంచివారు కాకుండా పోరు. 'సైన్సు నిరూపించింది' అని గోడ మీద రాసి ఉంటే మాత్రం దాన్ని తగ్గించి చదువుకోండి.

ముఖం మీద, ఛాతీ మీద వేళ్లతో తట్టే ఈఎఫ్‌టీ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొందరికి ఉపశమనం కలుగుతుంది, హాని లేదు. శక్తి మార్గాల మీద తడుతున్నామన్న వివరణకు ఆధారం లేదు.

ఎలా తేల్చుకోవాలి

నన్ను ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను. బిగువు, చింత, నిద్రలేమి ముందుంటే అప్లయిడ్ రిలాక్సేషన్, లేదా రోజూ ముప్పావు గంట ఇవ్వగలిగితే ఎంబీఎస్ఆర్. అకస్మాత్తుగా ముంచెత్తే పానిక్ అయితే లక్షణాలను ఎదుర్కొనే సీబీటీ. జ్ఞాపకం లాగుతుంటే ఈఎండీఆర్, అది మరీ తీవ్రంగా అనిపిస్తే ముందు సొమాటిక్ పద్ధతిలో కాస్త నిలదొక్కుకుని ఆ తర్వాత. సూది చూస్తే పడిపోయేవారికి బిగించడం. శ్వాస, యోగా వీటిలో దేనికైనా తోడు వస్తాయి. రెండు మూడు కలిసి ఉన్నప్పుడు, బతుకును ఎక్కువగా ఇరుకు చేస్తున్నదానితో మొదలుపెట్టండి. బయటికి వెళ్లడమే మానేసినవారికి మెడ నొప్పి రెండో పని.

మందులు వాడుతున్నవారు వాటిని థెరపీకి పోటీగా చూడనక్కరలేదు, రెండూ కలిసి నడుస్తాయి. తగ్గించాలన్నా మానాలన్నా రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడాకే. చచ్చిపోవాలన్న తలపులు వస్తుంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఈ రోజే సైకియాట్రిస్టును కలవండి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

మొదలుపెట్టే రోజున ఆందోళనను కొలిచే జీఏడీ–7 ప్రశ్నావళి నింపి తేదీ వేసుకోండి. గత రెండు వారాల మీద ఏడు ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. రెండు వారాలకోసారి మళ్లీ నింపండి. ఎనిమిది వారాలు నిజాయితీగా సాధన చేసినా అంకె కదలకపోతే పద్ధతి మార్చే మాట థెరపిస్టు దగ్గర ఎత్తండి. మొహమాటపడి ఏడాది గడపకండి. నేను గడిపాను. ఒక థెరపిస్టు మరీ మంచివారు, మానేస్తే బాధపడతారని.

మొదటి సమావేశంలో అడగాల్సినవి కొన్నే. నా సమస్యకు ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకుంటున్నారు, ఎన్ని సెషన్లు, ఇంటి పని ఎంత, పని చేస్తోందని ఎలా కొలుస్తాం. వీటికి అందరూ ఏదో ఒకటి చెబుతారు. నేను కొత్తవారి దగ్గరికి వెళ్లినప్పుడల్లా అడిగే ఐదో ప్రశ్న ఇది. 'సడలింపు చేస్తుంటే నాకు కంగారు పెరిగితే ఏం చేస్తారు?' ఒకరు, మీరు మనసు పెట్టి చేయట్లేదన్నారు. ఇంకొకరు, అలా జరగదన్నారు. మూడో ఆవిడ కలం కింద పెట్టి, కంగారు ఎన్నో నిమిషంలో మొదలవుతుంది, ముందు ఏ భాగంలో, అని అడిగి, సొరుగు లాగి స్ట్రాల కట్ట తీసింది.